సంతకం నాది, మాట ఖాదర్‌ది

ఉద్యోగంలో ఉన్నన్ని రోజులు చాలామందిని గౌరవించాను, కొందరికి భయపడ్డాను. అసూయ పడింది మాత్రం ఒక్కడి మీదే. అతను నా పై అధికారి కాదు, నాతో సమానుడూ కాదు. నా కింద పనిచేసిన లైన్‌మన్. పేరు ఖాదర్.

నేను కరెంటు పనిలో ముప్పై ఏళ్లకు పైగా ఉన్నాను. జనగామ వైపు సబ్ ఇంజినీరుగా మొదలై, మహబూబాబాద్‌లో అసిస్టెంట్ ఇంజినీరుగా, అంటే ఏఈగా చేసి, భూపాలపల్లిలో దాని పై మెట్టు ఏడీఈగా ఉండగా రిటైరయ్యాను. ఇప్పుడు జనగామలో ఉంటున్నాను. మొన్న మా వీధి చివరింటి అమ్మాయి స్వప్న వచ్చింది. ఆమెకు కొత్తగా ఇదే పనిలో ఉద్యోగం వచ్చింది.

"పెద్దబాపూ, ట్రైనింగ్‌ల కమ్యూనికేషన్ స్కిల్స్ అని ఒక క్లాసు పెట్టిన్రు. అంత ఇంగ్లీషులనే చెప్తున్నరు. నాకేమో ఇంగ్లీషు సరిగ రాదు. నేను గీ నౌకరి చెయ్యగల్గుతనా?" అని అడిగింది.

ఏదో ధైర్యం చెప్పి పంపించాను కానీ మనసు ఊరుకోలేదు. నాకు ఇంగ్లీషు వచ్చు. నేను రాసిన ఇంగ్లీషు కాగితాల్లో తప్పులు ఉండేవి కావు. అలాంటి ఒక తప్పులేని కాగితం వల్లే ఒక మనిషి కుడిచేయి పోయింది. ఆ సంగతి స్వప్నకూ, ఆమెలాగా కొత్తగా ఈ పనిలోకి వస్తున్నవాళ్లకూ చెప్పాలని ఇది రాస్తున్నాను. నా ప్రమోషన్లు, బదిలీ ఉత్తర్వులు మీకు అక్కరలేదు. ఖాదర్ గురించి తెలిస్తే చాలు.

నేను చెప్పిందే అతనూ చెప్పాడు

మాది నేత ఇల్లు. పొద్దున లేస్తే మగ్గం చప్పుడు. ఆ చప్పుడులో మాట వినపడదు కాబట్టి ఇంట్లో సగం పనులు సైగలతోనే జరిగేవి. మా నాయిన రోజుకు పది మాటలు మాట్లాడితే ఎక్కువ. నాకు లెక్కలు బాగా వచ్చేవి, బొమ్మ గీస్తే స్కేలు పెట్టినట్టు ఉండేది. నలుగురి ముందు మాత్రం నోరు పెగిలేది కాదు. తీగలతో, స్తంభాలతో చేసే ఉద్యోగానికి నోటితో పనేముందిలే అనుకుని చేరాను.

కొడకండ్ల వైపు పనిచేస్తున్నప్పుడు, యాసంగి వరి పెరుగుతున్న రోజుల్లో, ఒక ఊళ్లో ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. మర్నాడు పొద్దున్నే ముప్పై మంది రైతులు సబ్‌స్టేషన్‌కు వచ్చారు. ముందు నిలబడిన పెద్దాయన పేరు ఐలయ్య. ఎప్పుడు బాగవుతుందని అడిగాడు.

నేను కుర్చీలోంచి లేవకుండానే చెప్పాను. "మీరు పర్మిషన్ లేని మోటర్లు నడిపారు. ఓవర్‌లోడ్ అయి కాలింది. రిపేరుకు పంపాం. వరస ప్రకారం వస్తుంది."

అందులో అబద్ధం ఒక్కటీ లేదు.

"అంటే మేము దొంగలమా సార్?" అన్నాడు ఐలయ్య. వెనకనుంచి కేకలు లేచాయి. ఎవరో టేబుల్ మీద చరిచారు. నేను లోపలి గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నాను. చెప్పాల్సింది చెప్పాను, వినకపోవడం వాళ్ల తప్పు అని నాలో నేను అనుకుంటున్నాను. అంతలో కిటికీలోంచి ఖాదర్ సైకిల్ దిగడం కనిపించింది.

అతను గుంపును తోసుకుని లోపలికి రాలేదు. సైకిల్ స్టాండ్ వేసి, ఐలయ్య దగ్గరికి వెళ్లి అడిగాడు. "తాతా, పొలం ఏ కాడికొచ్చింది?"

"పొట్టకొచ్చింది బిడ్డా. గిప్పుడు నీళ్లు లేకుంటే అంత తాలే."

"అయితే నీకు దినాల లెక్కనే. నేను అబద్ధం చెప్పి మిమ్ముల పంపియ్య. రేపు రాదు, ఎల్లుండి రాదు. ఐదో నాడు వస్తది. గప్పటిదాంక పక్క బాయిల నీళ్లు వంతులేసుకుందాం. ఎవరి మడి ముందు ఎండుతదో వాళ్లకు ముందు. ఏమంటరు?"

గుంపులో గొంతులు తగ్గాయి. అప్పుడు అతను ఇంకో మాట అన్నాడు. "గది ఎందుకు కాలిందో ఎరుకేనా తాతా? పది మోటర్లు గుంజే దానికి పదహారు కట్టినం."

ఐలయ్య తల గోక్కున్నాడు. "పదహారు గాదు బిడ్డా, పద్దెనిమిది," అన్నాడు.

వాళ్లంతా నవ్వుకుంటూ పోయారు. ఓవర్‌లోడ్ అని నేను చెప్పిందే అతనూ చెప్పాడు. ఇప్పుడే రాదని నేను చెప్పిందే అతనూ చెప్పాడు. కానీ నేను ముందు నేరం చెప్పాను, అతను ముందు పొలం గురించి అడిగాడు. నేను 'మీరు నడిపారు' అన్నాను, అతను 'కట్టినం' అన్నాడు. నేను వరస అన్నాను, అతను ఒక రోజు చెప్పాడు. ఈ తేడాలన్నీ ఇప్పుడు తెలిసినవి. ఆ రోజు తెలిసింది ఒక్కటే, నా గుండెల్లో మంట. చదువు నాది, కుర్చీ నాది, రిజిస్టరులో సంతకం నాది. మాట మాత్రం అతనిది. మధ్యాహ్నం అన్నం సయించలేదు.

ఆ తర్వాత అది పెరుగుతూనే పోయింది. ఆఫీసుకు ఫోన్ వస్తే నేను ఎత్తగానే అవతలివాళ్లు "ఖాదరన్న లేడా?" అనేవాళ్లు. ఒకసారి మా ఆవిడ ఏదో పనిమీద ఫోన్ చేస్తే అతను ఎత్తాడు. ఆ సాయంత్రం ఆమె నాతో, "ఖాదరన్న ఎంత మంచిగ మాట్లాడుతడు! మీకు ఆయన దగ్గర్నే తర్ఫీదిప్పియ్యాలె," అంది. నవ్వుతూ అన్న మాటే. నేను రెండు రోజులు ఆమెతో మాట్లాడలేదు.

ఒక నవ్వు, ఒక ఆర్డరు

కొన్నేళ్లకు నేను ఏఈనై మహబూబాబాద్‌కు, మావాళ్ల నోట మానుకోటకు, వెళ్లాను. ఖాదర్ సొంతూరు గార్ల. ఇంటికి దగ్గరని అతనూ అప్పటికే అక్కడికి బదిలీ చేయించుకున్నాడు. ఆఫీసు గుమ్మంలో అతన్ని చూడగానే నా మొహం ఎలా మారిందో నాకు తెలియదు. అతనికి మాత్రం తెలిసిందని చాలా ఏళ్లకు చెప్పాడు.

అక్కడ మా పై అధికారి కోస్తా నుంచి వచ్చినాయన. పనిమంతుడే కానీ, మన భాష ఆయనకు వేళాకోళం. ఒకరోజు ఖాదర్ ఒక లైను సంగతి వివరిస్తూ, "జంపర్ తెగింది సార్, గందుకే కరెంటు వస్తలేదు," అన్నాడు. ఆయన నా వైపు తిరిగి, "గందుకేనంట! ఇదేం భాషయ్యా బాబూ, సినిమాలో కమెడియన్‌లాగా," అని నవ్వాడు.

నేనూ నవ్వాను. మా ఇంట్లో మాట్లాడే భాష అదే. మా నాయిన మాట్లాడిన ఆ పది మాటలూ అందులోనివే. అయినా నవ్వాను. ఖాదర్‌ను ఎవరైనా తక్కువ చేస్తే నాకు హాయిగా ఉండేది. ఆ తర్వాత ఖాదర్ ఆ అధికారి ముందు నోరు తెరవడం తగ్గించాడు. దాంతో ఆయనకు లైన్ల సంగతులు సగమే తెలిసేవి, ఎందుకు తెలియడం లేదో ఆయనకు అంతుపట్టేది కాదు. కింది మనిషి మాట్లాడే తీరును వెక్కిరించే అధికారికి ఆ మనిషి దగ్గరున్న కబురు చేరదు. ఇది రాసి పెట్టుకోండి.

ఇక ఖాదర్ అలవాటు ఒకటి చెప్పాలి. స్తంభం ఎక్కే ముందు లైన్‌మన్ సబ్‌స్టేషన్ ఆపరేటర్‌కు ఫోన్ చేసి ఆ లైనుకు కరెంటు ఆపించుకోవాలి. దాన్ని లైన్ క్లియర్ అంటాం, వాడుకలో ఎల్సీ. అందరూ నంబరు చెప్పి, ఆపారని వినగానే ఎక్కుతారు. ఖాదర్ అలా కాదు. ఫోన్ పెట్టే ముందు ఆపరేటర్‌తో తిరిగి చెప్పించుకునేవాడు.

"మల్లన్నా, ఏం బందు చేసినవో ఇప్పుడు నువ్వు చెప్పు. నంబర్ వద్దు, గది నేను చెప్పిందే. గా లైను ఏ ఊరి దిక్కు పోతదో చెప్పు."

ఆపరేటర్ ఊరి పేరు చెప్పాకే ఎక్కేవాడు. అతన్ని చూసి మిగతా లైన్‌మన్లకూ అదే అలవాటైంది. ఒక మీటింగులో, ఆ కోస్తా అధికారికీ పైన ఉన్న పెద్ద సారు అందరి ముందూ, "ఖాదర్ ఉన్న చోట ఒక్క యాక్సిడెంటూ లేదు. ఎలా మాట్లాడాలో ఏఈలు కూడా అతన్ని చూసి నేర్చుకోండి," అన్నాడు. పక్కవాళ్లు నా వైపు చూశారు. మెచ్చుకున్న చప్పట్లు నా చెంప మీద పడినట్టే అనిపించింది.

వారం తిరక్కుండానే ఒక ఆర్డరు వేశాను. ఎల్సీ తీసుకునేటప్పుడు ఫోన్లో ముచ్చట్లు బందు. నంబరు, అడిగినవాడి పేరు, టైము, అంతే. ఫోన్లు ఎంగేజ్ అవుతున్నాయని కారణం రాశాను. అసలు కారణం మీకు తెలుసు.

ఖాదర్ నా గదికి వచ్చాడు. "సార్, గది ముచ్చట గాదు. పాణం సంగతి."

"ఆర్డర్ అంటే ఆర్డర్," అన్నాను, కాగితం మీదినుంచి తల ఎత్తకుండా.

అతను వెళ్లిపోయాడు.

నాలుగో నంబరు

ఆ తర్వాత కొన్ని నెలలకు మా పరిధిలోని ఒక సబ్‌స్టేషన్‌లో కొత్త లైను ఒకటి వేశాం. అది మధ్యలో రావడం వల్ల పాత మూడో నంబరు లైను నాలుగో నంబరయింది, కొత్తది మూడయింది. నేను చక్కటి ఇంగ్లీషులో ఒక సర్క్యులర్ రాసి, సంతకం పెట్టి, గోడకు అంటించమన్నాను.

ఖాదర్ మళ్లీ వచ్చాడు. "సార్, ఒక్కసారి అందరిని పిలిచి నోటితోని చెప్తే బాగుంటది. పది నిమిషాల పని."

"పేపర్లో ఉంది. చదువుకోమను," అన్నాను. అందరినీ పిలిస్తే నేను మాట్లాడాలి. నేను మాట్లాడితే ఎవరికీ ఎక్కదు, చివరికి అతనే లేచి విడమరచి చెప్తాడు, అందరూ తలలూపుతారు. ఆ దృశ్యం నాకు ముందే కనిపించింది. దాన్ని తప్పించుకున్నాను.

పది రోజులు గడిచాయి. ఒక ఉదయం పదకొండు గంటల వేళ వీరన్న అనే లైన్‌మన్ ఇన్సులేటర్ మార్చడానికి వెళ్లాడు. నలభై ఏళ్ల మనిషి, నిదానస్థుడు. పాత అలవాటు కొద్దీ మూడో నంబరుకు ఎల్సీ అడిగాడు. ఆపరేటర్ కొత్త కాగితం ప్రకారం మూడో నంబరు ఆపాడు. ఎవరూ ఎవరినీ ఏ ఊరి లైనని అడగలేదు. అడగొద్దని నేనే చెప్పాను కదా. ఎక్కే ముందు కరెంటు నిజంగా ఆగిందో లేదో లైనుకు ఎర్త్ రాడ్ తగిలించి చూసుకోవాలి. ఉన్న ఒక్క రాడ్ ఆ రోజు ఇంకో గ్యాంగు పట్టుకుపోయింది. వీరన్న స్తంభం ఎక్కి చేయి చాచాడు. ఆ లైనులో కరెంటు ఉంది.

నేను పెద్ద దవాఖానకు చేరేసరికి వీరన్న లోపల ఉన్నాడు. అతని భార్య సోమక్క వరండాలో నిలబడి ఉంది. కుడిచేయి మోచేతి పైదాకా తీసేయక తప్పదని డాక్టరు నాతో చెప్పాడు. ఆమెకు ఎవరో ఒకరు చెప్పాలి. అధికారిని నేనే. దగ్గరికి వెళ్లాను.

"అమ్మా... రూల్స్ ప్రకారం డిపార్ట్‌మెంట్ అన్ని విధాలా..." అని మొదలుపెట్టాను. ఆమె నా మొహంలోకి చూస్తూ, "ఏమైంది సార్? ఏమైందో చెప్పుండ్రి," అంది. నేను చూపు డాక్టరు గది వైపు తిప్పుకున్నాను.

అప్పటికే వచ్చిన ఖాదర్ ఆమెను పక్కకు తీసుకెళ్లి కింద కూర్చోబెట్టాడు. తనూ నేల మీదే ఆమె ఎదురుగా కూర్చున్నాడు.

"చెల్లే, పాణానికి ఫికర్ లేదు. ముందు గది ఇను. వీరన్న బతుకుతడు. కుడిచెయ్యి మాత్రం తీసేస్తున్నరు. ఇప్పుడే తీస్తరు. నువ్వు లోపలికి పోయినప్పుడు చెయ్యి దిక్కు చూడకు, మొకం దిక్కు చూడు. ఆయన నీ మొకమే చూస్తడు."

ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చింది. చాలాసేపటికి కళ్లు తుడుచుకుని లోపలికి వెళ్లింది. అతను చెప్పినట్టే మొహం వైపు మాత్రమే చూసిందని తర్వాత విన్నాను.

ఇది రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ దాచితే ఈ రాతకు అర్థం లేదు. ఆ వరండాలో, నా వల్ల ఒక మనిషి చేయి పోతున్న ఆ సమయంలో కూడా, నాకు ఖాదర్ మీద అసూయే కలిగింది. ఇతనికి ఇలా చెప్పడం ఎవరు నేర్పారు, నాకెందుకు రాదు అని.

ఎంక్వయిరీ జరిగింది. గదిలో ఇద్దరు అధికారులు, నేను, ఖాదర్. అతను నన్ను కాపాడటానికి ఏదో ఒకటి చెప్తాడని కాస్త ఆశ. లేదంటే పాత కసి అంతా తీర్చుకుంటాడని భయం. రెండూ జరగలేదు.

"నంబర్లు మారినయని నోటితోని చెప్తే బాగుంటదని నేనన్న సార్. కాయితం సాలు అన్నరు ఏఈ సారు. ఎల్సీ తిరిగి అడుగుడు గూడ బందు పెట్టిన్రు. గంతే. ఇంకొకటి, నేను ఇంకోసారి గట్టిగ అడగాల్సి ఉండె, అడగలే."

గొంతులో కోపం లేదు, నా మీద దయ కూడా లేదు. బాగా మాట్లాడటమంటే తియ్యగా మాట్లాడటమని అప్పటిదాకా అనుకునేవాడిని. కాదని ఆ గదిలో తెలిసింది. ఉన్నది ఉన్నట్టు, ఎంతుందో అంత చెప్పాడు.

నాకు శిక్ష పడింది, అది కాగితం మీద. వీరన్న ఎర్త్ రాడ్ వాడలేదని కూడా అదే కాగితంలో రాశారు. కొద్ది నెలలకే నాకు బదిలీ అయింది. వీరన్నకు తర్వాత ఆఫీసులోనే అటెండరు పని ఇచ్చారు. ఒకటి రెండుసార్లు ఎదురైనప్పుడు "బాగున్నావా?" అన్నాను. "బాగనే ఉన్న సార్," అన్నాడు. అంతకుమించి ఏమీ మాట్లాడుకోలేదు.

భూపాలపల్లిలో అరువు గొంతు

కొన్నేళ్ల తర్వాత ఏడీఈనై భూపాలపల్లికి వెళ్లాక ఒక నిర్ణయం తీసుకున్నాను. ఇకనుంచి ఖాదర్‌లాగా మాట్లాడాలి. అడవి అంచు ఊరికి మొదటిసారి వెళ్లినప్పుడు, తెల్లగడ్డం మనిషి ఒకాయన కనిపిస్తే అచ్చం ఖాదర్ ఫక్కీలోనే, "తాతా, పొలం ఏ కాడికొచ్చింది?" అని అడిగాను.

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "నేను మీ కన్న చిన్నోన్నే ఉంట సార్. పొలం లేదు, నాది కిరాణం దుకాణం," అన్నాడు. నా డ్రైవరు నవ్వు ఆపుకోలేక జీపు వెనక్కి పోయాడు.

ఇంకొకరి మాటను అరువు తెచ్చుకుంటే ఇలాగే అవుతుంది. నాకు వచ్చింది బొమ్మ గీయడం. దాంతోనే మొదలుపెట్టాను. ప్రతి సబ్‌స్టేషన్ గోడ మీద లైన్ల పటం నా చేత్తో గీశాను. ఒక్కో లైనుకు ఒక్కో రంగు, నంబరు పక్కన ఊరి పేరు తెలుగులో. అదే రంగు స్తంభాల మీద కూడా వేయించాను. ఏదైనా మారితే అందరినీ గోడ ముందు నిలబెట్టి, వేలితో చూపించి, ఒక్కొక్కరితో తిరిగి చెప్పించేవాడిని. నా మాటలు తడబడేవి. పటం తడబడేది కాదు.

ఒక వానాకాలం మధ్యాహ్నం గాలివానకు చెట్లు కూలి రెండు లైన్లు తెగాయి. వాన కాస్త తెరిపిచ్చాక ఇద్దరు లైన్‌మన్లు స్తంభం కింద సిద్ధంగా ఉన్నారు. జీపులోంచి నేనే సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేసి ఎల్సీ అడిగాను. ఆపరేటర్ సరిత, చేరి ఏడాది కూడా కాలేదు.

"సార్, ఆ లైను ఏ ఊరి దిక్కు పోతదో మీరు ఒకసారి చెప్పుండ్రి," అంది.

"నంబరు చెప్పాను కదమ్మా! ఏడీఈని మాట్లాడుతున్నా," అని అరిచాను. పక్కన జనం ఉన్నారు.

"ఎరుకే సార్. మీరు ఊరి పేరు చెప్పెదాంక నేను ఎల్సీ ఇయ్య."

ఆమె ఆ మాట మీదే నిలబడింది. కోపంతోనే ఊరి పేరు చెప్పబోయి ఆగిపోయాను. నేను చెప్పిన నంబరు ఈ ఊరిది కాదు. హడావిడిలో రెండో తెగిన లైను నంబరు చెప్పాను. ఇద్దరు మనుషులు స్తంభం కింద నా చేతి సైగ కోసం చూస్తున్నారు. సరైన నంబరు, దానితో పాటు ఊరి పేరు చెప్పాను.

సాయంత్రం సబ్‌స్టేషన్‌కు వెళ్లాను. సరిత భయపడుతూ లేచి నిలబడింది. మంచి పని చేశావని అందరి ముందూ చెప్పి, అలా అడగడం ఎవరు నేర్పారని అడిగాను. గోడ ముందు నేను చెప్పిన పాఠమే అంటుందని ఆశ.

"ట్రైనింగ్‌ల ఖాదర్ సార్ అని ఒకాయన వచ్చి చెప్పిండు సార్. ఎంత పెద్ద సారైనా సరే తిరిగి అడగాలె అన్నడు. తిడితే తిట్టనియ్యి, తిట్టెటోడు బతికుంటడు గద అన్నడు."

నాకు నవ్వూ వచ్చింది, లోపల పాత మంటా మండింది. భూపాలపల్లికి కూడా అతను నాకంటే ముందే వచ్చేశాడు.

గార్లలో అడిగిన ప్రశ్న

రిటైరయ్యాక నాకు తీరిక దొరికింది. తీరిక దొరికితే పాతవన్నీ పైకి వస్తాయి. పోయిన ఏడాది ఒక ఉదయం రైలెక్కి గార్లలో దిగాను. ఖాదర్ ఇల్లు అడగనవసరం లేకుండా చూపించారు. అతని భార్య "ఆవో భాయ్, బైఠో," అని కుర్చీ వేసి చాయ్ పెట్టడానికి లోపలికి వెళ్లింది. ఖాదర్ జుట్టు పూర్తిగా తెల్లబడింది.

అటూ ఇటూ మాట్లాడాక, వచ్చిన పని చెప్పాను. "ఖాదర్ భాయ్, నువ్వంటే నాకు మొదటినుంచీ అసూయ. ఆ ఆర్డరు వేసింది అందుకే."

అతను ఆశ్చర్యపోలేదు. "నాకు ఎరుకే సార్. మానుకోట ఆఫీసుల మీ మొకం చూసిన నాడే ఎరుకైంది. గందుకే మీ ముంగట తక్కువ మాట్లాడిన. గట్ల ఊకోకుండ ఉండాల్సింది."

తర్వాత అతనే అడిగాడు. "వీరన్నకు చెప్పిన్రా సార్?"

"ఏమని?"

"గీ మాటనే. ఆర్డర్ సంగతి, నేను అడిగితె మీరు వద్దన్న సంగతి. ఆయనకు తెల్వదు."

"నువ్వు చెప్పి ఉంటావనుకున్నా."

"గది మీ మాట సార్. మీరు చెప్తే మాట అయితది, నేను చెప్తే చాడీ అయితది. గందుకే మీకోసం ఆగిన."

ఇన్నేళ్లు! ఎంక్వయిరీ గది తలుపులు మూసి జరిగింది. కాగితాలు పైకి పోయాయి. ఎవరి చేయి పోయిందో అతనికి ఒక్కరూ ఏమీ చెప్పలేదు. చెప్పాల్సినవాడిని నేను, అతను చెప్పి ఉంటాడనుకున్నాను.

చాయ్ తాగి ఇద్దరం బస్సెక్కాం. మహబూబాబాద్ శివారులో వీరన్న ఇల్లు చేరేసరికి పన్నెండు దాటింది. అతను ముందుగదిలో మంచం మీద కూర్చుని ఉన్నాడు. మమ్మల్ని చూసి గబగబా లేచి, చొక్కా కుడి చేతిని లోపలికి మడుచుకున్నాడు. ఖాదర్ నా వైపు ఒకసారి చూసి గోడవైపు బల్ల మీద కూర్చున్నాడు. ఇక నోరు తెరవలేదు.

"వీరన్నా, నీ చెయ్యి పోయింది నీ తప్పుతోని గాదు," అన్నాను. "నంబర్లు మార్చింది నేను. అందర్ని పిలిచి చెప్పుమని ఖాదర్ అడిగిండు. నేను వద్దన్న. ఎల్సీ తిరిగి అడుగుడు బందు పెట్టింది గూడ నేనే. ఖాదర్‌కు పేరొస్తుందని ఓర్వలేక పెట్టిన. గది అడిగి ఉంటే నువ్వు ఎక్కకపోదువు."

నా నోట ఇన్ని మాటలు ఒక్కసారిగా రావడం అదే మొదలు. వీరన్న మళ్లీ మంచం మీద కూర్చున్నాడు.

"గోడ మీది కాయితం నేను చదువుకోకపోతి, తప్పు నాదే అనుకున్న సార్," అన్నాడు. "ఇంగ్లీషుల ఉండె. ఎవరినన్న అడిగి చదివించుకోకపోతినని ఇన్నేండ్లు నన్ను నేనే తిట్టుకున్న."

తర్వాత లోపలికి తిరిగి పిలిచాడు. "ఏమేవ్, జర ఇటు రా. సారు ఒక ముచ్చట చెప్తున్నడు, నువ్వు గూడ ఇను."

సోమక్క తడిచేతులు తుడుచుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడింది. నేను మొత్తం మళ్లీ చెప్పాను. రెండోసారి చెప్పడం ఇంకా కష్టంగా ఉంది. 

"గీ మాట గప్పుడే చెప్తే ఏం పోయేది సార్?" అంది.

"నా ఇజ్జత్ పోతదనుకున్న చెల్లే."

"మరి ఈయన ఇజ్జతో?" అంది ఆమె. "సోయి లేకుండ ఎక్కినవని కన్నోళ్లు అన్నరు, ఊరోళ్లు అన్నరు. నేను గూడ అన్న. కోపమొచ్చిన కాడల్లా అన్న."

  ఆమె మళ్లీ లోపలికి వెళ్లలేదు. వచ్చి మంచం మీద భర్త కుడిపక్కన కూర్చుంది. మేము లేచి చెప్పులు తొడుక్కునేదాకా అక్కడే కూర్చుంది.